పాత కంప్యూటరు, పేరు పలకని వదిన

ఆ రోజు ఇంట్లో ఉన్నవాళ్ళు వీళ్ళు. పొయ్యి పక్కన ఉన్ని విప్పుకుంటూ తల్లి అనార్‌కాన్. లోపలి గదిలో వదిన నూర్జమాల్. వదిన కాళ్ళ దగ్గర చెక్క ఉయ్యాలలో, పట్టీలతో కట్టి పడుకోబెట్టిన పాలుతాగే పిల్లాడు. రెండు గదులకీ మధ్య గుమ్మాన్ని పట్టుకుని, అటూ ఇటూ కాకుండా, పదహారేళ్ళ బురుల్. తండ్రి జుమాబెక్, అన్న మెదెర్ గొర్రెల మందతో కొండ మీది దొడ్డి దగ్గర ఉన్నారు. మంచు కరిగేదాకా వాళ్ళని ఇంట్లో లెక్క వేయరు. ఇంకొకరిని లెక్క వేయాలంటే, కిటికీ పక్కన తెల్ల లేసుగుడ్డ కప్పుకుని కూర్చున్న కంప్యూటరుని వేయాలి. గని ఆఫీసు మూతపడ్డప్పుడు మెదెర్ దాన్ని ఒక గొర్రెపిల్లకి మార్చుకుని తెచ్చాడు. ఆ లేసుగుడ్డ అనార్‌కాన్ అల్లింది. ఇంట్లో దుమ్ము పడకుండా ఎవరైనా చూసుకునే వస్తువు అదొక్కటే.

మిగిలిన ఒక్క మనిషీ గేటు బయట ఉన్నాడు. కిందటి వారం భాగంలో మనం ఆగింది అతని కారు హారన్ దగ్గరే. ఆ చప్పుడుకి వదిన ముఖం వెలిగింది. బురుల్ కాళ్ళు చల్లబడ్డాయి.

ఎందుకు చల్లబడ్డాయో మీకు తెలుసు, ఇంట్లోవాళ్ళకే తెలియదు. వదినకి జిల్లా ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం వచ్చేలా ఉంది. ఊళ్ళో ఇళ్ళు, మనుషులు, పశువులు అన్నీ ఒక పట్టికలో ఎక్కించి పంపమని, అదే పరీక్ష అని అన్నారు. ఆఫీసు వాళ్ళది కొత్త ప్రోగ్రాం. ఈ ఇంట్లో ఉన్నది ముసలి విండోస్. కొత్త ప్రోగ్రాంని అది దగ్గరికి కూడా రానివ్వదు. పాతదాంట్లోనే చేసి పంపితే అక్కడ తెరిచేసరికి గీతలు చెదిరిపోయి, గొర్రెలు మనుషుల వరసలోకి, మనుషులు గొర్రెల వరసలోకి వెళ్ళిపోయేవారు. అలా రెండుసార్లు తిరిగొచ్చింది. మొదటిసారి తిరిగొచ్చాకే, ఆ విండోస్‌కి ముందు ఒక అప్‌డేట్ డిస్కు వేస్తే చాలు, తర్వాత కొత్త ప్రోగ్రాం దానంతటదే ఎక్కుతుందని వదిన పుట్టింటి తరఫు అన్న కుబాన్ వ్యాను డ్రైవరుతో కబురు చేశాడు. ఆ డిస్కుని కూడా అతని చేతికే ఇచ్చి పంపాడు. డ్రైవరు కబురు చెప్పి, దాన్ని గేటు దగ్గర బురుల్ చేతిలో పెట్టి వెళ్ళాడు.

బురుల్ ఆ కబురూ చెప్పలేదు, దాన్ని వదినకి ఇవ్వనూ లేదు. పెరట్లో ఆపిల్ చెట్టుకి, పిట్టల్ని బెదరగొట్టడానికి కట్టిన పాత సినిమా డిస్కుల మధ్య, ఎర్ర ఉన్నిదారంతో కట్టేసింది.

ఇప్పుడు కుబానే స్వయంగా వచ్చాడు.

"వియ్యపురాలా, బతికే ఉన్నారా? దారిలో మంచు చూసి, మిమ్మల్ని తవ్వి తియ్యాలేమో అనుకుంటూ వచ్చాను!" గుమ్మంలో బూట్లు విదిలిస్తూ అన్నాడు కుబాన్. భారీ మనిషి. అతను వచ్చాక గది చిన్నదైపోయింది.

"నన్ను తవ్వాలంటే ముందు నీ పొట్ట వంగాలి కదయ్యా," అంది అనార్‌కాన్, లేవకుండానే. "రా, ఇటు పైన కూర్చో. కోడలా, టీ!"

వదిన అప్పటికే టీ పోస్తోంది. తలగుడ్డ నుదుటి మీదికి లాక్కుని, చిన్న పింగాణీ గిన్నెలో సగానికి పోసి, కుడిచేత్తో అందించింది. నిండా పోస్తే తాగి వెళ్ళిపొమ్మన్నట్టు. కొంచెం కొంచెం పోస్తుంటే మాటలు సాగుతాయి. వదిన చాలా కొంచెం పోసింది. అంటే ఈ అన్న చాలాసేపు ఉండాలని కోరిక.

"తినండి బైకె, పొద్దున్నే వేయించాను," అంటూ వేయించిన పిండి ముక్కల పళ్ళెం ముందుకి జరిపింది. బైకె అంటే అన్న. పుట్టింటి మనిషి కనబడితే ఆమె గొంతు మారుతుంది. ఆ గొంతు బురుల్‌కి తెలుసు. సాయంత్రాలు, లోపలి గదిలో, కంప్యూటరు ముందు ఇద్దరే ఉన్నప్పుడు వచ్చే గొంతు అదే.

ఆ సాయంత్రాల సంగతి ఒక్క మాట చెప్పాలి.

ఆ కొండ ఊళ్ళలో కోడలు అత్తింటివాళ్ళ పేర్లు నోటితో పలకదు. మామగారిదీ, బావలదీ, వాళ్ళ అన్నదమ్ములదీ, వయసులో తనకంటే చిన్నవాళ్ళైన ఆడపడుచులదీ, మరుదులదీ కూడా. పలకాల్సి వస్తే తనే ఒక పేరు పెట్టుకుంటుంది. మామగారి పేరు జుమాబెక్ కాబట్టి, జుమా అంటే శుక్రవారం కాబట్టి, నూర్జమాల్‌కి వారంలో శుక్రవారమే లేదు. గురువారం మర్నాడు ఉంది. జిల్లా ఆఫీసు ఆవిడ ఫోన్లో, "ఎప్పుడు పంపుతావమ్మా?" అని అడిగితే, "గురువారం మర్నాడు పంపుతానండీ," అంది. అవతల ఆవిడ పగలబడి నవ్వింది. ఆవిడా ఒకింటి కోడలే.

ఆడపడుచు బురుల్‌కి వదిన పెట్టుకున్న పేరు ఎర్కె. గారాలపట్టి అని. బురుల్‌ని అంతకుముందు ఎవరూ గారం చేసింది లేదు. తల్లి ఆవుతో మాట్లాడినన్ని మాటలు కూతురితో మాట్లాడదు. తొమ్మిదో తరగతి అయ్యాక స్నేహితురాళ్ళు చదువుల కోసం పట్నాలకి పోయారు. తరగతిలో మిగిలింది ఇద్దరు మగపిల్లలూ, తనూ. రోజంతా ఎవరితోనూ మాట్లాడకుండా గడిచిపోయే రోజులుండేవి. రాత్రి పడుకునే ముందు గొంతు పనిచేస్తోందో లేదోనని దుప్పట్లో దగ్గి చూసుకునేది.

అప్పుడు పెళ్ళయి వదిన వచ్చింది. ఆ తర్వాత ఈ పట్టిక పని వచ్చింది. ఊళ్ళో సగం ఇళ్ళు జుమాబెక్ వంశం వాళ్ళవే. ఆ పేర్లు వదిన నోటితో అనకూడదు. "ఎర్కె, నువ్వు కాగితం చూసి చదువు, నేను కొడతాను," అంది. అలా బురుల్ చదవడం, వదిన కొట్టడం. "ఈయనెవరు?" అని బురుల్ అడిగితే, "ఆయనే, గుర్రం మీద నిద్రపోయే ఆయన," అనేది వదిన. "ఈయన?" "తుమ్మితే కుక్కలు మొరుగుతాయి చూడు, ఆ మావగారు." ఇద్దరూ తలగడలో ముఖం పెట్టి నవ్వేవాళ్ళు. అవతలి గదిలోంచి తల్లి గోడ మీద కొట్టేది. పట్టిక చెదిరి తిరిగొచ్చిన రెండుసార్లూ వదిన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బురుల్ మాత్రం లోలోపల, మళ్ళీ మొదటినుంచి చదవచ్చు, అనుకుంది. అనుకున్నందుకు సిగ్గుపడింది. ఆ రెంటికీ మధ్యనే, సిగ్గుపడుతూనే, డిస్కుని చెట్టుకి కట్టింది.

ఉద్యోగం వస్తే వదిన పిల్లాడిని తీసుకుని వారమంతా జిల్లా కేంద్రంలోనే ఉండాలి. అక్కడ ఆమె అక్క ఉంది. ఇక్కడ మళ్ళీ గోడలూ, ఆవూ, తల్లీ.

"సరే, ముసలాయన ఎలా ఉన్నాడో చూద్దాం," అంటూ కుబాన్ టీ గిన్నె బోర్లించి లోపలి గదిలోకి నడిచాడు. లేసుగుడ్డ తీసి మర్యాదగా మడతపెట్టాడు. బటన్ నొక్కాడు. కంప్యూటరు గుర్రుమని, దగ్గి, తేరుకుని, నీలం రంగు చూపించింది. కుబాన్ జేబులోంచి కొత్త ప్రోగ్రాం ఉన్న మెమరీ స్టిక్ తీసి గుచ్చాడు. అందరూ తెర వైపే చూశారు. అనార్‌కాన్ కూడా ఉన్ని చేతిలో పట్టుకుని గుమ్మం దాకా వచ్చింది. ఒక చిన్న గీత పాకడం మొదలుపెట్టింది. ఆగింది. తెర మధ్యలో, కుదరదని చెప్పే డబ్బా ఒకటి లేచింది.

"చూశారా, ముసలి గుర్రం," అన్నాడు కుబాన్. "కొత్త జీను వేస్తే తన్నింది. నేను చెప్పిందే ఇది. ముందు ఆ అప్‌డేట్ ఎక్కాలి, తర్వాతే ఇది. నేను పంపిన డిస్కు వేశారా లేదా?"

"ఏ డిస్కు?" అంది వదిన.

"అదేమిటి చెల్లీ? వ్యాను అబ్దిష్ చేత పంపలేదూ? నీలం రాతతో పేరు కూడా రాశాను. పోయిన నెల."

"నాకేం రాలేదు బైకె."

గుమ్మం దగ్గర బురుల్ గోడకి ఇంకొంచెం అతుక్కుంది.

"ఇంకేం వస్తుంది!" అనార్‌కాన్ ఉన్ని బంతిని నేలకేసి కొట్టింది. "ఆ అబ్దిష్ గాడి చేతికి ఇచ్చావా? వాడి చేతికి నా సొంత కాలు ఇచ్చి పంపినా దారిలో ఎక్కడో మర్చిపోయి వస్తాడు. తాగి మంచులో పారేసుంటాడు. వాళ్ళ నాన్నకి ఇప్పుడే చెప్తాను ఉండు. ఈ ఊళ్ళో ఎవ్వరూ వాడి వ్యాను ఎక్కకుండా చెప్తాను."

"తాగుతాడేమో కానీ వస్తువు పోగొట్టే మనిషి కాడు," అన్నాడు కుబాన్ గడ్డం గోక్కుంటూ. "ఇంట్లో పిల్ల చేతికి ఇచ్చానని వాడే అన్నట్టు గుర్తు." ఫోన్ తీసి చెవికి పెట్టుకున్నాడు. అబ్దిష్ కనుమ అవతల ఎక్కడో ఉన్నట్టున్నాడు, మోగలేదు.

వదిన బురుల్ వైపు తిరిగింది. అనుమానంగా కాదు. నవ్వుతూ.

"మా ఎర్కె చేతికి వస్తే నాకివ్వకుండా ఉంటుందా? అది కలలో కూడా ఈ పట్టికే చదువుతుంది. అబ్దిష్ ఇంకెవరింటిదో అనుకుని ఉంటాడు బైకె, పోనీండి."

ఆ నవ్వుని బురుల్ భరించలేకపోయింది. తిట్టి ఉంటే భరించేది.

"పోనిస్తే ఎలా?" అన్నాడు కుబాన్. "నా దగ్గర ఇంకోటి లేదు. ఇంటికి వెళ్ళి చేసి తేవాలి. ఎప్పటికి పంపాలన్నావు?"

"గురువారం మర్నాడు."

కుబాన్ వేళ్ళతో లెక్కపెట్టుకున్నాడు. "అంటే రేపా?"

"రేపే," అంది వదిన. "ఇదే ఆఖరిసారి అన్నారు. రేపు సరిగ్గా రాకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తాం అన్నారు."

కుబాన్ కిటికీలోంచి కనుమ వైపు చూశాడు. అక్కడ మబ్బు దిగుతోంది. రాత్రికి మంచు పడితే రేపు కారు కాదు కదా, గుర్రం కూడా దాటదు. అది అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ పైకి అనలేదు.

వదిన ఏడవలేదు. లేచి, మడతపెట్టిన లేసుగుడ్డ విప్పి, కంప్యూటరు మీద కప్పింది. నాలుగు మూలలూ సమంగా వచ్చేలా లాగి సర్దింది. పోయినవాళ్ళ ముఖం మీద గుడ్డ సర్దినట్టు.

"ఇంట్లో పనికేం తక్కువ లేదులే," అంది అనార్‌కాన్, ఓదార్పు అనుకుని.

బురుల్ బయటికి నడిచింది.

గుమ్మంలో ఎవరివో రబ్బరు బూట్లు, కాళ్ళకి పెద్దవి, తొడుక్కుంది. పెరట్లో మంచు మీద మధ్యాహ్నపు ఎండ కళ్ళలో గుచ్చుతోంది. ఆపిల్ చెట్టుకి ఆకులేవీ లేవు. ఆకులుండగా గుబురులో దాగిన డిస్కులన్నీ ఇప్పుడు కొమ్మకొమ్మకీ బయటపడి గాలికి తిరుగుతున్నాయి. రోజూ పొద్దున్నే బకెట్టుతో ఇటే నడిచే వదిన వాటిని ఎన్నిసార్లు చూసి ఉంటుందో. దాచినట్టే లేదు. ఎదురుగా వేలాడదీసినట్టే ఉంది.

దారం ముడి గడ్డకట్టింది. పంటితో కొరికి విప్పింది. డిస్కు మీద నీలం రాత వెలిసిపోయి, ఒక మూల మాత్రం మిగిలింది. గౌను అంచుతో తుడిచింది. ఇక్కడే విరిచేసి మంచులో కప్పేయచ్చు. అబ్దిష్ మీద పోతుంది. వదిన తనని ఎర్కె అంటూనే ఉంటుంది. మళ్ళీ సాయంత్రాలు. ఆ ఆలోచన నిజంగానే వచ్చింది, వచ్చి కాసేపు చెట్టు కింద తనతో పాటు నిలబడింది.

తర్వాత లోపలికి వెళ్ళి, వదిన చేతికి ఇచ్చే ధైర్యం లేక, కుబాన్ చేతిలో పెట్టింది.

అతను డిస్కుని అటూ ఇటూ తిప్పాడు. వేలికి ఎర్రదారం ముక్క తగులుకుంది. బురుల్ ముఖం చూశాడు. అర్థమైంది. పెద్ద మనసున్నవాడు, ఇంకొకరి ఇంట్లో గొడవ ఇష్టం లేనివాడు.

"ఓహో!" అన్నాడు గట్టిగా. "దీన్ని పిట్టల కాపలాకి పెట్టారా? ఎవరో సినిమా డిస్కు అనుకుని కట్టేసుంటారు వియ్యపురాలా. మా ఇంట్లో అయితే మా ఆవిడ పెళ్ళి డిస్కే చెరీ చెట్టుకి కట్టింది. అందులో నన్ను చూసి ఒక్క పిట్ట కూడా వాలట్లేదు!"

అనార్‌కాన్ నవ్వింది. వదిన నవ్వలేదు. ఎర్రదారం వైపు చూస్తోంది. ఆ ఉన్నికి రంగు వేసింది తనే. ఎండుగడ్డి కోతలప్పుడు కట్టిన డిస్కులన్నిటికీ తెల్లదారం. ఎర్ర ఉన్ని శీతాకాలం మొదట్లో వేసింది. కొంచెమే వేసింది. దాన్ని బురుల్‌కే ఇచ్చింది, చేతి తొడుగులు అల్లుకోమని.

"ఎక్కడిది?" అంది.

"చెట్టు మీదది," అంది బురుల్.

"ఎవరు కట్టారు?"

పొయ్యి మీద కెటిల్ సన్నగా కూస్తోంది. బురుల్ నోరు తెరిచింది. గొంతు పనిచెయ్యలేదు.

వదిన కంప్యూటరు వైపు తిరిగింది. లేసుగుడ్డ మళ్ళీ తీసింది. "ముందు పని కానివ్వండి బైకె," అంది.

"వియ్యపురాలా, ఒక గుక్క వోద్కా ఉందా?"

"పట్టపగలే మొదలెట్టావా?"

"నాక్కాదండీ, దీనికి! ఇన్నాళ్ళు మంచులో వేలాడింది పాపం, వెచ్చబడాలిగా."

అనార్‌కాన్ గొణుక్కుంటూ బియ్యం డబ్బా వెనకనుంచి సీసా తెచ్చి, దూది మీద నాలుగు చుక్కలు పోసి, మూత గట్టిగా బిగించింది. కుబాన్ డిస్కుని మధ్యనుంచి అంచుకి, మధ్యనుంచి అంచుకి తుడిచాడు. కంప్యూటరు దాన్ని మింగింది. గరగరలాడింది. ఆగింది. మళ్ళీ గరగరలాడింది. అది చదవకూడదని కోరుకుంటోందో, చదవాలని కోరుకుంటోందో ఆ క్షణంలో బురుల్‌ని అడిగితే చెప్పలేకపోయేది.

చదివింది.

గీత పాకింది. కంప్యూటరు తనంతట తను ఆరిపోయి, మళ్ళీ లేచింది. కుబాన్ స్టిక్ గుచ్చి కొత్త ప్రోగ్రాం వేశాడు. ఈసారి డబ్బా లేవలేదు. ముసలి గుర్రం తల వంచి జీను వేయించుకుంది. జిల్లా ఆఫీసు పట్టిక తెరిచేసరికి, గీతలన్నీ నిటారుగా, ఎక్కడివక్కడ, ఇంట్లోకి పెద్దమనిషి వచ్చినప్పుడు పిల్లలు నిలబడ్డట్టు నిలబడ్డాయి.

"అయిపోయింది," అన్నాడు కుబాన్ చేతులు దులుపుకుంటూ. ఆ తర్వాత ఆలోచించకుండా ఒక మాట అనేశాడు. "పోయిన నెలే అయిపోవలసిన పని ఇది."

అతనికి తన మాట తనకే వినబడి, కారు ఇంజను చూసుకోవాలంటూ బయటికి వెళ్ళిపోయాడు.

వదిన కుర్చీలో కూర్చుంది. కాగితాలు పక్కన పెట్టుకుంది. బురుల్ ఎప్పటిలాగే వచ్చి ఆమె కుడిపక్కన నిలబడి, పై కాగితం తీసుకోబోయింది. చదవడానికి.

వదిన కాగితం మీద చెయ్యి అడ్డుపెట్టింది.

తర్వాత కొట్టడం మొదలుపెట్టింది. కాగితం వైపు ఒకసారి చూపు, తెర వైపు ఒకసారి చూపు. పెదవులు కదలడం లేదు. ఒక ఇల్లు, ఇంకో ఇల్లు. గుర్రం మీద నిద్రపోయే ఆయన, తుమ్మితే కుక్కలు మొరిగే ఆయన, మామగారు జుమాబెక్, భర్త మెదెర్, ఒక్కొక్కళ్ళూ పేరు పలికించుకోకుండానే తమ గడిలోకి వెళ్ళి కూర్చున్నారు. ఇంతకుముందు ఇద్దరూ కలిసి ఒక సాయంత్రమంతా చేసిన పేజీ, కెటిల్ మళ్ళీ మరిగేలోపు అయిపోయింది.

బురుల్ నిలబడే ఉంది. ఎంత చిన్న సంగతి. చూసి కొట్టడానికి నోటితో పలకనక్కర్లేదు. కళ్ళుంటే చాలు. ఇన్నాళ్ళూ వదినకి చదివి వినిపించే మనిషి అవసరమే లేదు. అయినా "ఎర్కె, వచ్చి చదువు" అని రోజూ పిలిచింది. అవసరమున్నట్టు నటించింది. గొంతు వాడక మర్చిపోతున్న ఒక పిల్ల చేత మాట్లాడించడానికి.

తను డిస్కు దాచి కాపాడుకోవాలనుకున్నది, దాచకపోయినా తనదే.

ఆ మాట చెప్పాలి. ఇప్పుడే చెప్పాలి. కానీ వదిన వీపు ఆమె వైపు ఉంది. ఆ వీపు మీద ఎక్కడ తట్టాలో తెలియలేదు.

వదిన ఆఖరి కాగితాలకి వచ్చేసరికి పాలవేళైంది, అనార్‌కాన్ బకెట్టు తీసుకుంది. "నేను పాలు పితికి వస్తాను. వియ్యంకుడిని తినకుండా పంపకండి. కోడలా, మాంసం పొయ్యి మీద పెట్టు." తలుపు వేసుకుని పశువుల పాక వైపు వెళ్ళింది. ఇంట్లో ఏం జరిగిందో ఆమెకి తెలిసినట్టూ ఉంది, తెలియనట్టూ ఉంది. ఆమెతో ఎప్పుడూ అంతే.

బురుల్ పొయ్యి దగ్గరికి వెళ్ళి, మాంసం తనే పొయ్యి మీద పెట్టి, టీ పోసింది. వదినకి ఇష్టమని మీగడ వేసింది. గిన్నెలో చాలా కొంచెం పోసింది, అడుగు కనబడేంత. చాలాసేపు ఉండండి అని చెప్పడానికి ఆమెకి తెలిసిన భాష అదొక్కటే. రెండు చేతుల్తో పట్టుకుని లోపలి గది దగ్గరికి వచ్చేసరికి, కీబోర్డు చప్పుడు ఆగిపోయి ఉంది.

తలుపు ఓరగా ఉంది.

కంప్యూటరు మీద లేసుగుడ్డ కప్పి ఉంది. నాలుగు మూలలూ సమంగా. పిల్లాడు మంచం మీద ఉన్నాడు, పెద్ద ఉన్ని శాలువాలో ముక్కు మాత్రం కనబడేలా చుట్టి ఉన్నాడు. నేల మీద ఉయ్యాల విప్పి ఉంది. పట్టీలు చుట్టలు చుట్టి, పైకర్ర తీసి, చిన్న పరుపు మడిచి, అన్నీ కలిపి తాడుతో కట్టి ఉన్నాయి.

ఒక్క రాత్రి ఉండి వచ్చేవాళ్ళు ఉయ్యాల విప్పరు. ఆ సంగతి ఆ ఊళ్ళో చిన్నపిల్లలకి కూడా తెలుసు.

బయట కుబాన్ కారు స్టార్ట్ అయింది.

"జెనె," అంది బురుల్. వదినని అలాగే పిలుస్తుంది. ఇప్పుడు గొంతు వచ్చింది, కానీ అది ఎవరిదో గొంతులా ఉంది. "టీ తెచ్చాను."

వదిన తాడు ముడి బిగిస్తోంది. తల ఎత్తలేదు.

"పని అయిపోయింది కదా జెనె. పట్టిక స్టిక్‌లో కుబాన్ బైకె తీసుకెళ్తారు కదా. మీరెందుకు వెళ్ళడం?"

"ఎందుకు కట్టావు?" అంది వదిన, ముడి వైపే చూస్తూ. నెమ్మదిగానే అంది.

బురుల్ అబద్ధాలు వెతకలేదు. "ఉద్యోగం వస్తే మీరు వెళ్ళిపోతారని."

"రెండుసార్లు తిరిగొచ్చింది. రెండోసారి వచ్చినప్పుడు నీ ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చాను. గుర్తుందా?"

"గుర్తుంది."

"అప్పటికి అది చెట్టు మీద ఉందా?"

"ఉంది," అంది బురుల్.

వదిన లేచింది. పిల్లాడిని భుజానికి ఎత్తుకుంది. తలుపు దగ్గరికి వచ్చింది. దగ్గరినుంచి చూస్తే ఆమె కళ్ళలో కోపం లేదు. కోపం ఉన్నా బావుండేది. సంతలో తెలిసినవాళ్ళు అనుకుని పలకరించబోయి, కాదని గ్రహించినప్పుడు ఉండే చూపు అది. బురుల్ ఒక చేత్తో గిన్నె, ఇంకో చేత్తో తలుపు రెక్క పట్టుకుంది. గుమ్మం ఇరుకు. ఇలా నిలబడితే ఎవరూ దాటలేరు.

"జెనె, అమ్మ వచ్చేదాకా ఉండండి. అన్నకి కబురు పంపుదాం. నేను ఇంకెప్పుడూ..."

"బురుల్," అంది వదిన.

బయట కారు ఇంజను కొట్టుకుంటూనే ఉంది. పిల్లాడు శాలువాలో కదిలాడు. బురుల్‌కి మొదట అర్థం కాలేదు, ఎవరిని పిలుస్తున్నారో అనుకుంది. పెళ్ళికూతురుగా తెల్ల తలగుడ్డ కట్టుకుని ఈ గుమ్మం దాటిన రోజు నుంచి, నిద్రలో, జ్వరంలో, పురిటి నొప్పుల్లో కూడా ఆ నోటినుంచి ఒక్కసారి రాని పేరు. ఈ ఇంటి కోడలు కానివాళ్ళు మాత్రమే పలకగలిగిన పేరు.

"తలుపు వదులు, బురుల్."

ఆమె చెయ్యి దానంతటదే జారిపోయింది.

మిగతా మూట బురుల్ కళ్ళముందు కట్టుకోవడం ఇష్టం లేనట్టు, వదిన తలుపు మూసింది. లోపల గడియ పడింది.